రాళ్ల నేలని మాకిచ్చారు, ఇప్పుడు ఆ రాయే కావాలంట (భాగం – 6)



పోయిన భాగం డి-ఫారం పట్టా దగ్గర ఆపాను. అది చదివి ఒక తమ్ముడు ఇన్‌బాక్సులో అడిగాడు: "అన్నా, పట్టా భూమిలో క్వారీ పెట్టాలంటే పట్టాదారు సంతకం కావాలి కదా. మా తాత పేరు మీద పట్టా ఉంది. మమ్మల్ని ఎవరూ అడగలేదే?"

ఈ ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు చెప్పొచ్చు. నీది పట్టానే గానీ వాళ్ల లెక్కలో నువ్వు పట్టాదారువి కావు. కానీ ఆ ముక్క వెనకాల చాలా చట్టం ఉంది, చాలా మోసం ఉంది. ఓపికగా చదవండి. లా చదివే పిల్లలు తప్పుంటే కామెంట్లో దిద్దండి.

ముందు ఒక పల్లె గురించి చెప్తాను. పేరు రాయను, ఫైలు ఇంకా నడుస్తోంది. కొండ, కొండ కింద మా వాడ, వాడకి తూర్పున చెరువు, చెరువు కింద మాగాణి. ఎవరికి ఏది ఉందో మీకు చెప్పక్కర్లేదు. మాగాణి ఊరివాళ్లది. కొండ వాలు నేల, అంటే రాళ్లూ గచ్చకంపా ఉన్న నేల, డెబ్బైల్లో మా వాళ్లకి ఎకరం, ఎకరంన్నర చొప్పున పట్టాలిచ్చారు. ఇచ్చేటప్పుడు ఊర్లో ఎవరూ అడ్డం చెప్పలేదు. ఎందుకు చెప్తారు? నాగలి దిగని నేల అది. ఆడోళ్లు గంపలతో రాళ్లేరారు. ఏరిన రాళ్లతోనే గట్లు పేర్చారు. సజ్జ, కంది, ఉలవ, ఆముదం. వానొస్తే పంట, లేకపోతే కూలి.

తర్వాత రాయికి రేటొచ్చింది.

మన దగ్గర గ్రానైట్ అంటే చిన్న వ్యాపారం కాదు. చీమకుర్తి గెలాక్సీ రాయి దేశదేశాల్లో వంటింటి గట్ల మీద మెరుస్తోంది. కరీంనగర్ వైపు కొండలకి కొండలే మాయమయ్యాయి. అయినా చట్టం భాషలో గ్రానైట్ 'చిన్న ఖనిజం'. గనులు, ఖనిజాల చట్టం 1957లోది. ఇంటి కట్టుబడి రాయి, కంకర, మామూలు ఇసుక, మామూలు మట్టి లాంటివాటిని అందులో ఒక పక్కన పెట్టి, సెక్షన్ 15 కింద వాటి రూల్సు రాసుకునే అధికారం రాష్ట్రాలకిచ్చారు. చిన్నది అన్నారని విలువ చిన్నదనుకోకండి. లీజు ఎవరికివ్వాలో తేల్చే బల్ల ఢిల్లీలో కాకుండా జిల్లాలో ఉందని దానర్థం. జిల్లాలో ఆ బల్లకి ఇటూ అటూ ఎవరు కూర్చుంటారో మనకి తెలుసు.

మా పల్లె కథలో కొండకి ఉత్తరం వైపు కొంత భూమి ఊరి పెద్ద కులం వాళ్ల సొంత పట్టా. క్వారీ ఆయన ముందు వాళ్ల దగ్గరికే వెళ్లాడు. సమ్మతి పత్రం రాయించుకున్నాడు, ఏడాదికింత అని ఒప్పందం చేసుకున్నాడు. పెద్దాయన బేరం బాగానే ఆడాడని ఊరంతా చెప్పుకున్నారు. మంచిదే, ఆయన భూమి, ఆయన బేరం. దక్షిణం వైపు మా వాళ్ల భూమి దగ్గరికొచ్చేసరికి బేరం లేదు, పత్రం లేదు. తహసీల్దార్ ఆఫీసు నుంచి మైన్స్ ఆఫీసుకి ఒక ఎన్ఓసీ వెళ్లింది, అంతే. అందులో ఏం రాశారో సమాచార హక్కు కింద తీయించాం. "కొండ పోరంబోకు. సాగు లేదు. గ్రామంలో దండోరా వేయించడమైనది. అభ్యంతరాలు రాలేదు."

దండోరా అన్న మాట చదివి వాడంతా నవ్వారు. ఆ ఊళ్లో డప్పు కొట్టేది మా మాదిగ వాడలో ఒకే ఒక ముసలాయన. ఆయన అక్కడే అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "నేను కొట్టకుండా నా డప్పు ఎట్టా మోగింది నాయనా?" అన్నాడు. మా భూమి మీద మాకు అభ్యంతరం లేదని చెప్పడానికి మా డప్పునే కాయితం మీద మోగించారు.

ఇప్పుడు చట్టంలోకి వద్దాం.

నేల కింద ఉన్నదంతా సర్కారుదే అని మనం చిన్నప్పటి నుంచీ వింటున్నాం. అది పూర్తి నిజం కాదు. 2013 జూలైలో సుప్రీంకోర్టు త్రీసియమ్మ జాకబ్ కేసులో ఒక మాట తేల్చింది. కింది ఖనిజమంతా ప్రభుత్వానిదే అని ప్రకటించే చట్టమేదీ ఈ దేశంలో లేదు. చట్టబద్ధంగా తీసేసుకుంటే తప్ప, మామూలుగా నేల ఎవరిదో కిందిది కూడా వాళ్లదే. అది కేరళ మలబారు జన్మి భూముల కేసు. తీర్పు రాసింది మన తెలుగు జడ్జి, జస్టిస్ చలమేశ్వర్. కొందరు మిత్రులు ఈ తీర్పు చూపించి మన వాళ్లు కూడా రాయల్టీ మానేయొచ్చని పోస్టులు పెడుతున్నారు. తొందరపడకండి. ఆ తీర్పు సొంత యాజమాన్యం ఉన్నవాడికి. డి-ఫారం పట్టాలో ప్రభుత్వం మనకి యాజమాన్యం ఇవ్వలేదు. సాగు చేసుకో, పిల్లలకి ఇచ్చుకో, అమ్మకు అంది. అమ్మితే చెల్లదని 1977లో 9వ నంబరు చట్టం తెచ్చింది. ఆ చట్టం అప్పట్లో మనకోసమే. అప్పుకింద, సారాకింద, పెళ్లికింద భూములు ఊరోళ్ల చేతిలోకి పోకుండా. దాన్ని నేను తప్పు పట్టను.

కానీ ఏం జరిగిందో చూడండి. ఒకే కొండ, ఒకే రాయి. సొంత పట్టా ఉన్నవాడి సంతకానికి ధర ఉంది. మనకి కాపలాగా పెట్టిన షరతు వల్ల మన సంతకానికి ధర లేకుండా పోయింది. "అసైన్డే కదా, ప్రభుత్వ భూమే కదా" అన్న ఒక్క మాటతో యాభై ఏళ్ల చెమట పోరంబోకు అయిపోయింది.

ఈ ప్రశ్న మన హైకోర్టు ముందుకి ఎప్పుడో వచ్చింది. 2004లో మేకల పాండు కేసు. పట్టాలో "ప్రజా ప్రయోజనం కోసం పరిహారం లేకుండా తిరిగి తీసుకోవచ్చు" అని రాసుకున్న షరతు రాజ్యాంగం ముందు నిలబడదని, అసైనీకి కూడా మార్కెట్ ధరతో సమానంగా ఇవ్వాలని విస్తృత ధర్మాసనం చెప్పింది. లా కాలేజీ తమ్ముళ్లూ, ఈ తీర్పు మొత్తం చదవండి. పరీక్షకి కాదు, మీ వాడ కోసం.

తర్వాత 2013లో భూసేకరణ చట్టం వచ్చింది. అందులో 'భూ యజమాని' అన్న నిర్వచనంలోనే అసైన్డ్ భూముల మాట ఉంది. 'ప్రభావిత కుటుంబం' అంటే భూమి ఉన్నవాళ్లే కాదు. మూడేళ్లుగా అక్కడే పని చేసుకుని బతికే వ్యవసాయ కూలీలు, కౌలుదార్లు, పాలికాపులు కూడా. ఎస్సీ, ఎస్టీలు భూమి కోల్పోతే అంతే భూమి గానీ రెండున్నర ఎకరాలు గానీ, ఏది తక్కువైతే అది ఇవ్వాలని రెండో షెడ్యూల్లో ఉంది. సామాజిక ప్రభావ అంచనా, బహిరంగ విచారణ, ఇవన్నీ ఉన్నాయి. చదివితే కడుపు నిండుతుంది.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. క్వారీకి భూమిని 'సేకరించరు'. లీజుకిస్తారు. సేకరిస్తేనే 2013 చట్టం తలుపు తెరుచుకుంటుంది. లీజు గనుల చట్టం కింద నడుస్తుంది, ఆ తలుపు దగ్గరికే రాదు. మన పట్టా అడ్డముంటే దాన్ని 'రద్దు' చేస్తారు, లేదా అసలు లేనట్టే పోరంబోకు అని రాస్తారు. రద్దుకి కారణం ఏం చెప్తారు? సాగులో లేదు, షరతు ఉల్లంఘన అని. పక్క క్వారీ దుమ్ము కంది పూత మీద పడి రెండేళ్లు పంట రాక బీడు పెట్టుకుంటే, ఆ బీడే మన నేరం. మనిషిని కొట్టి, పడిపోయాడు కాబట్టి నిలబడలేడని రాసినట్టు.

ఒకవేళ మనవాడు నిజంగానే అమ్ముకున్నాడనుకోండి. 1977 చట్టం సెక్షన్ 4 ఏం చెప్తుంది? కొన్నవాడిని ఖాళీ చేయించి భూమిని మొదటి అసైనీకే తిరిగివ్వాలి. కుదరకపోతే ఇంకో భూమిలేని పేదకివ్వాలి. తర్వాత సవరణల్లో నోటిఫై చేసిన ప్రాంతాల్లో ప్రజా ప్రయోజనానికి వాడొచ్చని చేర్చారు. ఎంత వెతికినా ఆ వరసలో క్వారీ యజమాని లేడు. ఒక ప్రైవేటు మనిషి గ్రానైట్ బ్లాకులు కోసి ఓడెక్కించడం ఏ ప్రజల ప్రయోజనం?

2023లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టం సవరించి, ఇచ్చి ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూముల మీద మొదటి లబ్ధిదార్లకి అమ్ముకునే హక్కు కూడా ఇచ్చారు. మన వాళ్లలో కొందరు పాలాభిషేకాలు చేశారు, కొందరు భయపడ్డారు. ప్రభుత్వం మారాక రిజిస్ట్రేషన్లు ఆపి విచారణలు పెట్టారు. దాని మీద నా అభిప్రాయం ఇంకో భాగంలో రాస్తాను. ఇక్కడ ఒక్కటే. కొండ పక్క భూములకి ఈ ఫ్రీహోల్డ్ వస్తుందని తెలియగానే ముందు పరిగెత్తుకొచ్చింది ఎవరో ఆ పల్లెల్లో అడిగి చూడండి. స్టాంపు పేపర్లు పట్టుకుని వచ్చినవాళ్లు రైతులు కారు.

పర్యావరణ అనుమతి సంగతి కూడా చెప్పాలి. బహిరంగ విచారణ పెడితే కదా మనం వెళ్లి మైకులో మాట్లాడేది? 2012 ఫిబ్రవరిలో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, లీజుల్ని 5 హెక్టార్ల లోపు ముక్కలు చేసి తప్పించుకుంటున్నారని చూసి, చిన్న లీజులకి కూడా పర్యావరణ అనుమతి ఉండాల్సిందే అంది. సరే అని 2016 జనవరిలో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చి చిన్న లీజులకి జిల్లా స్థాయి కమిటీలు పెట్టి, ప్రజాభిప్రాయ సేకరణ లేకుండానే దారి వేసింది. 2018లో గ్రీన్ ట్రిబ్యునల్ దాన్ని తప్పు పట్టింది. అయినా ఇప్పటికీ ఒక లీజు గానీ, 500 మీటర్ల లోపు ఉన్న లీజుల గుంపు గానీ 5 హెక్టార్లు దాటకపోతే మన మైకు మోగదు. 5 హెక్టార్లంటే పన్నెండెకరాల చిల్లర. మీ పక్క క్వారీ విస్తీర్ణం 4.9 హెక్టార్లని ఉంటే ఆశ్చర్యపోకండి. టేపు పట్టుకుని ఒక లీజు అంచు నుంచి ఇంకో లీజు అంచు దాకా కొలవండి. 500 మీటర్ల లోపే ఉండి గుంపుగా లెక్క వేయకపోతే, అది మీ చేతికి దొరికిన మొదటి ఆయుధం.

ఏజెన్సీ వాళ్లతో పోల్చుకుని మన పిల్లలు అడుగుతుంటారు. అక్కడ సమత తీర్పు ఉంది కదా అని. ఉంది. 1997 జూలై 11. అనంతగిరి వైపు మైనింగ్ లీజుల మీద సమత సంస్థ వేసిన కేసు. ప్రభుత్వం కూడా ఒక 'వ్యక్తే', షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వడం చెల్లదు అని ఇద్దరు జడ్జీలు అన్నారు, ఒకరు కాదన్నారు. మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ కె. రామస్వామి దళిత కులాల నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన అతి కొద్దిమందిలో ఒకరు. కానీ ఆ తీర్పుకి కాళ్లు అయిదో షెడ్యూలు, 1/70. మనకి అలాంటి షెడ్యూలు లేదు. ఆదివాసీకి ఒక ప్రాంతం ఉంది. మనం ప్రతి ఊరికీ ఒక చివర ఉన్నాం. అంబేడ్కర్ 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్' రాసినప్పుడు, సాగులో లేని ప్రభుత్వ భూముల్ని షెడ్యూల్డ్ కులాల ప్రత్యేక ఆవాసాల కోసం కేటాయించాలని అడిగాడు. రాజ్యాంగంలో ఆ కోరిక రాలేదు. వచ్చింది డి-ఫారం.

అన్నా, మరి మన చేతిలో ఏముంది అంటారా? ఉంది. ఒక మాట ఉంది.

గనుల చట్టంలో సెక్షన్ 24ఎ చూడండి. లీజుదారు నేల మీద జరిగే నష్టానికి పరిహారం ఇవ్వాలి. ఎవరికి? చట్టం 'యజమాని'కి అనలేదు. నేల ఉపరితలాన్ని అనుభవిస్తున్న వాడికి అంది. పట్టాదారు పాసుపుస్తకం అడగలేదు. దున్నేవాడు, మేపేవాడు, గట్టు పేర్చినావిడ, వీళ్లంతా అనుభవదార్లే. చిన్న ఖనిజాలకి ఇది వర్తించదని క్వారీ వాళ్ల లాయరు అంటాడు. సెక్షన్ 14 చూపించండి. చిన్న ఖనిజాలకి వర్తించనివి 5 నుంచి 13 దాకా సెక్షన్లని అక్కడ రాసుంది. 24ఎ ఆ వరసలో లేదు. కోర్టు ఏం అంటుందో చూద్దాం, కానీ వాదించడానికి నిలబడే చోటు మాత్రం దొరికింది.

రెండోది అట్రాసిటీ చట్టం. దాన్ని తిట్టుకీ దెబ్బకీ మాత్రమే వాడే అలవాటు మనకి. 2015 సవరణ తర్వాత సెక్షన్ 3(1)లో ఎఫ్, జి చదవండి. ఎస్సీ, ఎస్టీల స్వాధీనంలో ఉన్న, లేదా వాళ్లకి కేటాయించిన భూమిని అక్రమంగా ఆక్రమించడం, అక్కడి నుంచి వెళ్లగొట్టడం, నీటి హక్కుకి అడ్డుపడటం, పంట నాశనం చేయడం, అన్నీ నేరాలే. 'అక్రమంగా' అంటే ఏమిటో కూడా రాశారు: ఇష్టం లేకుండా, బెదిరించి ఒప్పించి, రికార్డు తయారుచేసి. మోగని దండోరాని మోగినట్టు రాస్తే అది ఏ కిందికి వస్తుంది? శ్మశానానికి వెళ్లే దారికి అడ్డుపడటం కూడా ఈ చట్టంలో ఉంది. మా పల్లెలో వేస్టు రాయి గుట్టలు పోసింది సరిగ్గా శ్మశానం దారి మీదే.

ఇక్కడ మన మధ్య మాట ఒకటి దాచకుండా చెప్పాలి. ఆ పల్లెలో మీటింగు పెట్టినప్పుడు వెనక నుంచి ఒక కుర్రాడు లేచాడు. మనవాడే, ఫైనాన్సులో ట్రాక్టర్ తీసుకుని క్వారీకి తోలుతున్నాడు. "అన్నా, నువ్వు కేసేసి పోతావు. క్వారీ మూస్తే నా కిస్తీ నువ్వు కడతావా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ పూర్తిగా లేదు. పక్క మండలంలో వడ్డెర సోదరులు తరతరాలుగా రాయి కొట్టినవాళ్లు, లీజులు మా సొసైటీలకివ్వండి అని ఎప్పటి నుంచో అడుగుతున్నారు. అది న్యాయమైన మాట. రాయి మీద వాళ్ల హక్కు చేతి పని నుంచి వచ్చింది, నేల మీద మా హక్కు కూడా చేతి పని నుంచే వచ్చింది. ఈ రెండింటినీ ఎదురెదురు పెట్టి మధ్యలో లారీ తోలుకుపోయేవాడికి ఏ చేతి పనీ రాదు. అందుకే "క్వారీలన్నీ మూసేయండి" అన్న నినాదం నేనివ్వను. మా అనుమతి లేకుండా తెరవొద్దు, తెరిస్తే మా సంతకానికి కూడా పెద్దాయన సంతకానికున్న ధరే ఇవ్వండి అంటాను. "కొండని అమ్ముకోమంటావా" అని కొందరు పర్యావరణ మిత్రులు నా మీద కోప్పడ్డారు. కొండ మీద ప్రేమ నాకూ ఉంది. కానీ వద్దు అనే హక్కు కూడా లేనివాడికి, కొండని కాపాడే బాధ్యత మాత్రం అప్పజెప్తే ఎలా?

డబ్బు సంగతి. 2015లో గనుల చట్టం సవరించి జిల్లా ఖనిజ ఫౌండేషన్ పెట్టారు. పెద్ద ఖనిజాల్లో పాత లీజుదార్లు రాయల్టీ మీద 30 శాతం, వేలంలో వచ్చిన కొత్తవాళ్లు 10 శాతం అదనంగా కట్టాలి. చిన్న ఖనిజాల మీద ఎంత వసూలు చేయాలో సెక్షన్ 15ఎ కింద రాష్ట్రాలు నిర్ణయిస్తాయి. ఈ డబ్బు మైనింగ్ వల్ల దెబ్బతిన్న మనుషుల కోసం, ప్రాంతాల కోసం. ప్రభావితుల జాబితా తయారుచేసి పెట్టాలని మార్గదర్శకాల్లో ఉంది. మీ జిల్లాలో ఆ జాబితా ఎవరైనా చూశారా? మీ వాడ పేరు అందులో ఉందా? 2024 జూలైలో తొమ్మిది మంది జడ్జీల బెంచి రాయల్టీ పన్ను కాదని, ఖనిజ హక్కుల మీద రాష్ట్రాలు పన్ను వేయొచ్చని ఎనిమిది ఒకటితో తేల్చింది. కేంద్రమా, రాష్ట్రమా, కంపెనీలా అని ఏళ్ల తరబడి కొట్లాడుకున్నారు. ఆ కేసులో పార్టీ కానిది ఒక్క పల్లె మాత్రమే.

తిరిగి మా పల్లెకి వస్తాను. "సాగు లేదు" అన్న రాతని ఎట్టా కొట్టాలి అని ఆలోచిస్తూ కూర్చున్నాం. పాత అడంగళ్లు అడిగితే కనపడటం లేదన్నారు. శిస్తు రసీదులు చెదలు తిన్నాయి. అప్పుడు ఒక పెద్దమ్మ అంది: "ఏంది నాయనా మీ కాయితాలు. కొండ మీద రాయి వాళ్లదంట సరే. నేనేరిన రాయి ఎవురిది? పా, చూపిస్తా." వెంట తీసుకెళ్లి గట్టు చూపించింది. నడుమెత్తు గట్టు, చేను చుట్టూ, మూడు దిక్కులా. నాలుగో దిక్కు క్వారీ మట్టి కింద పూడుకుపోయింది. సాగు లేని చోట రాళ్లేరి గట్టు ఎవరు పేరుస్తారు? ఆ గట్లన్నీ ఫొటోలు తీశాం, లొకేషన్ పడేట్టు. ఒక్కో గట్టు పక్కన ఆ ఇంటి ఆడమనిషిని నిలబెట్టి తీశాం. పొడవు కొలిచాం. పంచనామా లాగా రాసి, చదివి వినిపించి, వేలిముద్రలు వేయించి, కలెక్టరాఫీసు గ్రీవెన్సులో ఇచ్చి రసీదు తీసుకున్నాం. డప్పు ముసలాయన వాంగ్మూలం దాని మీద పిన్ను చేశాం.

కొండల పక్క వాడల్లో ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, సెలవులకి ఇంటికెళ్లినప్పుడు ముందు ఈ పని చేయండి. ఎన్ఓసీ కాపీ, లీజు స్కెచ్చు, పర్యావరణ అనుమతి, ఈ మూడింటికీ మైన్స్ ఆఫీసుకీ తహసీల్దార్‌కీ విడివిడిగా ఆర్టీఐ పెట్టండి. స్కెచ్చు తెచ్చి మీ చేను మీద పరిచి చూడండి. దండోరా తేదీ ఏమిటో చూసి డప్పు ఎవరు కొట్టారో అడగండి. గట్లు, బావులు, సమాధులు, మేకల దారి ఫొటోలు తీయండి. లీజు కాయితం మీద పడకముందే మీ కాయితం ఫైల్లో పడాలి.

ఖనిజ ఫౌండేషన్ డబ్బు మీద మేం రెండు జిల్లాల్లో పెట్టిన ఆర్టీఐలకి ఒకదానికి జవాబొచ్చింది, ఒకదాని మీద అప్పీలుకెళ్లాం. అది ఏడో భాగంలో.